నడుము వాల్చే సీటు: డాలస్ నుంచి హైదరాబాద్‌కి బిజినెస్ క్లాస్ వేట

డాలస్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా విమానం లేదు. ఆ మాటకొస్తే అమెరికాలో ఏ ఊరి నుంచీ లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగో నుంచి హైదరాబాద్‌కి నాన్‌స్టాప్ మొదలుపెట్టినప్పుడు మన వాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ పండగ చేసుకున్నాయి. తర్వాత అది ఆగిపోయింది. అంటే శంషాబాద్‌లో కాలు పెట్టాలంటే మధ్యలో ఎక్కడో ఒక చోట దిగి ఎక్కాల్సిందే. దోహా, దుబాయ్, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, సింగపూర్... ఎక్కడ దిగుతామన్నదాన్ని బట్టే దారిలో ఎంత నిద్ర పడుతుందో, ఎంత నడవాలో, ఊరికి ఎలా చేరతామో తేలిపోతుంది.

మనలాంటి వాళ్లకి ఇదంతా పెద్ద విషయం కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగు సినిమాలు చూసేస్తే అయిపోతుంది. కానీ ఈసారి టికెట్ నాకు కాదు, అమ్మానాన్నలకి.

నాన్న నైట్ సర్వీస్ బస్సు డ్రైవర్‌గా పనిచేసి రిటైరయ్యారు. వెనక నలభై మంది గురకలు పెడుతుంటే ముందు కూర్చుని తెల్లవార్లూ మెలకువగా ఉండటమే ఆయన ఉద్యోగం. ఇప్పుడు నడుములో డిస్క్ సమస్య. మా దగ్గరికి వచ్చేటప్పుడు ఎకానమీలో వచ్చారు. దిగాక రెండు రోజులు మంచం మీద నుంచి లేవలేదు, పాదాలు ఉబ్బిపోయాయి. తిరుగు ప్రయాణానికి ముందు సూర్యాపేటలోని మా డాక్టర్‌తో వీడియో కాల్‌లో మాట్లాడితే ఒకటే చెప్పారు: "రెండు, మూడు గంటలకి మించి ఒకే భంగిమలో కూర్చోకూడదు. పడుకునే వీలుంటే పంపించండి. లేదంటే ఇంకొన్నాళ్లు అక్కడే ఉంచుకోండి." వీసాలో ఇచ్చిన ఆర్నెల్ల గడువు దగ్గర పడుతోంది. ఊళ్లో పెద్దనాన్న మనవరాలి పెళ్లి ఉంది. ఉంచుకునే వీలు లేదు.

అలా నేను మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని బిజినెస్ క్లాస్ సీట్ల మీద పరిశోధన మొదలుపెట్టాను. మీ ఇంట్లోనూ ఇలాంటి అవసరం రావచ్చు కాబట్టి, నాకు తేలిన సంగతులు ఇక్కడ పెడుతున్నా.

సీట్ల లెక్క

"ఏ ఎయిర్‌లైన్ బెస్ట్?" అని గ్రూపులో అడిగితే పది మంది పది పేర్లు చెబుతారు. అందరూ నిజమే చెబుతారు కూడా. ఎందుకంటే ఒకే ఎయిర్‌లైన్‌లో రెండు విమానాలు ఎక్కితే రెండు వేర్వేరు ప్రపంచాలు కనిపిస్తాయి. కాబట్టి పేరు పక్కన పెట్టి ముందు అంకెలు చూడాలి: 2-3-2, 2-2-2, 1-2-1. ఒక వరుసలో సీట్లు ఎలా అమర్చారో చెప్పే లెక్క ఇది.

2-3-2 అంటే వరుసలో ఏడు సీట్లు. మధ్యలో ముగ్గురు. అంత డబ్బు పోసి బిజినెస్ క్లాస్‌లోనూ మిడిల్ సీట్లో ఇరుక్కోవచ్చన్నమాట! ఎమిరేట్స్ పాత బోయింగ్ 777ల్లో ఇదే అమరిక. వాళ్లదే ఏ380 ఎక్కితే పై అంతస్తులో 1-2-1, వెనకాల నిలబడి తాగడానికి బార్ కూడా ఉంటుంది. 2024 నుంచి 777లని కూడా 1-2-1కి మారుస్తున్నారు, కానీ పాతవీ కొత్తవీ కలిసి తిరుగుతున్నాయి. లుఫ్తాన్సాలో చాలా విమానాల్లో 2-2-2. వాళ్ల కొత్త సీటు అల్లెగ్రిస్ 2024లో మొదలైంది గానీ, అన్నిట్లోకీ ఇంకా రాలేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ పాత సీటులో ఇద్దరు ఎదురెదురుగా పడుకుంటారు. కిటికీ వైపు వాళ్లు బాత్రూమ్‌కి వెళ్లాలంటే పక్కవాళ్ల కాళ్ల మీదుగా దాటాలి. 2019లో వచ్చిన క్లబ్ సూట్‌లో ఆ బాధ లేదు, 1-2-1, తలుపు కూడా ఉంది. ఖతర్ ఎయిర్‌వేస్ క్యూసూట్ 2017లో వచ్చింది. అదీ 1-2-1, తలుపుతో. కానీ ఖతర్ విమానాలన్నిట్లోనూ క్యూసూట్ లేదు. ఎయిర్ ఇండియా ఏ350లో తలుపున్న 1-2-1 సీట్లు, పాత 787ల్లో 2-2-2.

అంటే బస్సు భాషలో చెప్పాలంటే, బోర్డు మీద పేరు చూసి ఎక్కకూడదు. వచ్చింది వెన్నెల స్లీపరా, సూపర్ లగ్జరీయా అని తొంగి చూశాకే ఎక్కాలి.

తొంగి చూడటానికి దారులున్నాయి. గూగుల్ ఫ్లైట్స్‌లో బిజినెస్ అని పెట్టి వెతికితే, ప్రతి విమానం వివరాల్లో లై-ఫ్లాట్ సీటా, విడి సూటా అన్నది కనిపిస్తుంది. విమానం రకం కూడా ఉంటుంది. ఏరోలోపా అనే సైట్‌లో ఒక్కో విమానం లోపలి పటం స్కేలు ప్రకారం గీసి ఉంటుంది. కిటికీ లేని సీటేదో, బాత్రూమ్ గోడకి ఆనుకున్నదేదో అన్నీ తెలిసిపోతాయి. వీటిని ఎయిర్‌లైన్ సైట్‌లో సీట్ మ్యాప్‌తో సరిపోల్చాలి. రెండూ ఒకలాగే ఉంటే మీరనుకున్న విమానమే వస్తుందని చాలావరకు నమ్మొచ్చు. పూర్తిగా నమ్మకండి. ఆఖరి నిమిషంలో విమానం మార్చే హక్కు వాళ్లకి ఉంటుంది. అందుకే టికెట్ కొన్నాక కూడా వారానికోసారి సీట్ మ్యాప్ తెరిచి చూసేవాణ్ని.

రివ్యూల్లో గొప్ప సీటు, అమ్మకి పనికిరాని సీటు

యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్లు ఎక్కువగా ఒంటరిగా తిరిగే కుర్రాళ్లు. వాళ్లకి కిటికీ పక్కన ఒంటరి సీటు, తలుపు మూసుకుంటే ఎవరూ కనపడకపోవడం స్వర్గం. మా అమ్మకి అది జైలు. తెరని ఎలా నొక్కాలో తెలియదు, ఇంగ్లిష్‌లో అడగడానికి మొహమాటం, నాన్న ఎక్కడున్నారో కనపడకపోతే భయం. నాన్నకి సీట్లోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి.

కాబట్టి మాకు కావాల్సింది మధ్యలో ఉండే జంట సీట్లు. ఇక్కడా ఒక మెలిక ఉంది. కొన్ని 1-2-1 విమానాల్లో మధ్య సీట్లు రెండూ పక్కపక్కనే ఉంటాయి. కొన్నిట్లో ఒక వరుసలో దగ్గరగా, తర్వాతి వరుసలో దూరంగా ఉంటాయి. క్యూసూట్‌లో ఒక వరుస ముందుకి, ఒక వరుస వెనక్కి తిరిగి ఉంటుంది. దగ్గరగా ఉన్న మధ్య జంటలో అడ్డు కిందకి దింపితే రెండు పడకలు కలిసిపోతాయి.

ఇంకో సంగతి కాళ్లు పెట్టుకునే చోటు. చాలా సీట్లలో పాదాలు ముందు సీటు కింద ఉన్న చిన్న గూట్లోకి వెళ్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ గూట్లో కాలు ముడవలేరు, పక్కకి తిప్పలేరు. మొదటి వరుసలో ఆ గూడు సాధారణంగా వెడల్పుగా ఉంటుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సీటు చాలా వెడల్పు, కానీ పడక చేయాలంటే లేచి నిలబడాలి. సిబ్బంది సీటు వీపుని ముందుకి మడిచి పడక వేస్తారు, ఏటవాలుగా పడుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సింగపూర్‌కి పదహారు గంటల పైనే. వయసులో ఉన్నవాళ్లకి బాగుంటుంది. రాత్రి మూడుసార్లు లేచి నడవాల్సిన మనిషికి బటన్ నొక్కితే దానంతటదే లేచే సీటే మేలు.

పదిహేను గంటలు ఒకేసారా, తొమ్మిదీ తొమ్మిదీనా?

డాలస్ నుంచి దోహాకో దుబాయ్‌కో 14, 15 గంటలు. అక్కణ్నుంచి హైదరాబాద్ నాలుగు గంటలు అటూ ఇటూ. అదే లండన్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్తే దాదాపు తొమ్మిదీ తొమ్మిదీ.

చూడగానే రెండోదే తేలిక అనిపిస్తుంది. సగం దూరంలో దిగి కాళ్లు చాపుకోవచ్చు కదా! కానీ కాగితం మీద లెక్క వేస్తే వేరేలా వచ్చింది. టేకాఫ్, డిన్నర్, సర్దడం కలిపి రెండు గంటలు పోతాయి. దిగేముందు టిఫిన్, సీట్లు నిటారుగా పెట్టడం ఇంకో గంటన్నర. తొమ్మిది గంటల్లో అవి తీసేస్తే మిగిలేది ఐదున్నర. నిద్ర పట్టేసరికి లేపేస్తారు. పదిహేను గంటల్లో అవే తీసేస్తే పదకొండున్నర మిగులుతుంది. ఒక పూర్తి రాత్రి నిద్ర, మధ్యమధ్యలో లేచి నడవడానికి తీరిక. పడుకునే సీటు ఉన్నంతకాలం పొడవు విమానమే లాభం. ఎకానమీలో వెళ్లేవాళ్లకి ఇదే లెక్క తలకిందులవుతుంది, వాళ్లకి యూరప్ దారే మేలు కావచ్చు.

పడుకుని వెళ్తున్నాం కదా అని పదిహేను గంటలూ కదలకుండా ఉండకూడదు. ఎక్కువసేపు కదలకపోతే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. నీళ్లు తాగుతూ, గంటా రెండు గంటలకోసారి నడవాలి. బిగుతు సాక్సులు వేసుకోవాలా వద్దా అన్నది డాక్టర్‌ని అడిగి తేల్చుకోవాలి.

ఎక్కడ దిగాలి?

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఇది అసలు సిసలు ప్రశ్న. గల్ఫ్‌లో ఎయిర్‌పోర్ట్ లోపలే ఉండి విమానం మారితే వీసా గొడవ లేదు. యూకే, షెంగెన్ దేశాల్లో ట్రాన్సిట్ నియమాలు వేరు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే చాలావరకు మినహాయింపు దొరుకుతుంది. మన హెచ్-1బీ వాళ్లలో చాలామంది స్టాంపింగ్ గడువు అయిపోయాక కొత్త స్టాంపింగ్ కోసమే ఇంటికి బయల్దేరతారు. వాళ్లకి ఆ మినహాయింపు వర్తించకపోవచ్చు. టికెట్ కొనేముందు ఆ దేశపు ఎంబసీ సైట్‌లో మీ పరిస్థితికి తగ్గ నియమం చదవండి. ఈ నియమాలు మారుతుంటాయి.

ఢిల్లీ మీదుగా వస్తే భాష సమస్య ఉండదు, అమెరికాలో కొన్ని నగరాల నుంచి ఎయిర్ ఇండియా నేరుగా ఢిల్లీకి వెళ్తుంది. కానీ సాధారణంగా మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, సామాన్లు తీసుకోవడం, కస్టమ్స్ అన్నీ పూర్తిచేసి మళ్లీ లోపలి విమానం ఎక్కాలి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన ఎయిర్‌లైన్స్‌కి మూసేశాక ఆ దారి ఇంకా పొడవైంది.

అబుదాబికి ఒక ప్రత్యేకత ఉంది. 2014 నుంచి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్ పూర్తిచేసే ఏర్పాటు ఉంది. ఇండియా నుంచి అమెరికా వచ్చేటప్పుడు ఇది పెద్ద వరం, దిగాక లోకల్ విమానం దిగినట్టే బయటికి నడిచి వచ్చేయొచ్చు. అమ్మానాన్నలు వెళ్తున్నది ఇటు నుంచి కాబట్టి మాకు పనికిరాలేదు.

గల్ఫ్ దారిలో ఉన్న ప్రమాదం కూడా చెప్పుకోవాలి. 2025 జూన్ 23న ఖతర్ కొన్ని గంటలపాటు తన గగనతలం మూసేసింది. గాల్లో ఉన్న విమానాలు వేరే ఊళ్లకి మళ్లాయి. అలాంటప్పుడు రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. చవగ్గా వస్తుందని రెండు ముక్కలుగా కొంటే రెండో టికెట్ పోయినట్టే. పెద్దవాళ్లకి ఎప్పుడూ ఒకే టికెట్ కొనండి. ప్రయాణం ముందు ఆ ప్రాంతంలో పరిస్థితి బాగోలేదనిపిస్తే యూరప్ దారి చూసుకోండి.

పైసల ముచ్చట

బిజినెస్ క్లాస్ అనగానే నాన్న అన్న మొదటి మాట: "గిన్ని పైసలు ఎందుకు బిడ్డా? ఆ పైసలతోటి ఇంటి మీద ఇంకో అర్ర ఎయ్యొచ్చు." అబద్ధం కాదు. ఎకానమీకి మూడు, నాలుగు రెట్లు చూపిస్తాయి రేట్లు.

తగ్గించుకునే దారులు కొన్ని ఉన్నాయి. పొడవు విమానం బిజినెస్‌లో, నాలుగు గంటల ముక్క ఎకానమీలో తీసుకోవచ్చు. ప్రీమియం ఎకానమీ ఇంకో దారి. ఎమిరేట్స్, లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో ఉంటుంది, ఖతర్‌లో లేదు. కానీ అందులో సీటు వాలుతుందే తప్ప పడక అవ్వదు. బిజినెస్‌లోనే చవక రకం టికెట్లు కూడా వచ్చాయి. ఖతర్‌లో లైట్, ఎమిరేట్స్‌లో స్పెషల్ అంటారు. సీటు అదే, లాంజ్ ఉండదు. కొన్నిట్లో సీటు ముందుగా ఎంచుకునే వీలు కూడా ఉండదు. జంట సీట్లే కావాలనుకునే మాలాంటి వాళ్లకి అది కుదరదు.

మిగిలింది క్రెడిట్ కార్డు పాయింట్లు. అమెరికాలో ఉండే మన కుర్రాళ్లందరి దగ్గరా ఇవి ఎంతో కొంత పోగై ఉంటాయి. వన్‌వే టికెట్‌ని డబ్బుతో కొంటే రానుపోనుకి దగ్గరగా పడొచ్చు. మైల్స్‌తో కొంటే సాధారణంగా సగమే పడుతుంది. మాకు కావాల్సింది వన్‌వేనే. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతర్ రెండూ ఎవియోస్ అనే మైల్సే వాడతాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కార్డు నుంచి ఎయిర్‌లైన్‌కి పంపిన పాయింట్లు వెనక్కి రావు. సీటు ఖాళీ ఉందని కళ్లతో చూశాకే పంపాలి. ఇద్దరికీ ఒకే రోజు దొరకడం కష్టం. తేదీ అటూ ఇటూ జరుపుకునే ఓపిక ఉండాలి.

మా పాయింట్లు నాలుగేళ్లవి. నేనూ నా భార్యా జపాన్ వెళ్దామని పెళ్లైనప్పటి నుంచి దాచుకున్నవి. అద్దె, కరెంటు, కూరగాయలు, అన్నీ ఆ కార్డు మీదే గీకేవాళ్లం. ఒక బుధవారం రాత్రి రెండింటికి దోహా మీదుగా రెండు సీట్లు కనిపించాయి. పొడవు విమానంలో క్యూసూట్, మధ్య జంట ఖాళీ. తనని నిద్ర లేపి అడిగాను. "ఫ్యూజీ పర్వతం ఎక్కడికీ పోదు, మామయ్య నడుము అట్లా కాదు" అని అటు తిరిగి పడుకుంది. పన్నులు మాత్రం డబ్బుతో కట్టాం.

డబ్బుతో కొనేవాళ్లకి ఒక చిట్కా. ప్రయాణానికి ఏడు రోజులో అంతకంటే ముందో ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొంటే, అమెరికా నియమాల ప్రకారం 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకునే వీలో, లేదా 24 గంటలు రేటు ఆపిపెట్టుకునే వీలో ఇవ్వాలి. ముందు కొనేసి, ఆ రాత్రి ఏరోలోపా తిరగేసి, తెల్లారి నిర్ణయం తీసుకోవచ్చు.

ఎక్కించాక

వీల్‌చెయిర్ ఉచితం, ముందే అడగాలి. నాన్న వద్దే వద్దన్నారు. "నడవలేనోళ్లు ఎక్కుతరు అది." దోహాలో ఎయిర్‌పోర్ట్ అంతా ఒకే టెర్మినల్ అయినా గేట్ల మధ్య దూరం ఎక్కువని, వీల్‌చెయిర్ వెంట వచ్చే మనిషే దారి చూపిస్తాడని అమ్మ చెబితే ఒప్పుకున్నారు. భోజనానికి ఏషియన్ వెజిటేరియన్ అని రెండు రోజుల ముందే పెట్టాను. అయినా అమ్మ నమ్మకుండా డబ్బా నిండా పులిహోర చేసుకుంది. నేను తెలుగులో ఒక కాగితం రాసిచ్చాను: ఏ బటన్ నొక్కితే సీటు పడకవుతుంది, ఏది నొక్కితే లేస్తుంది, మనిషిని పిలవాలంటే ఏది. కింద ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు: ఈయనకి నడుము నొప్పి ఉంది, లేవడానికి సాయం చేయండి, దయచేసి నిద్రలేపి భోజనం పెట్టొద్దు, వేడినీళ్లు ఇవ్వండి. కావాల్సినప్పుడు వేలితో చూపిస్తే చాలు.

దోహా నుంచి వైఫైలో ఫోటో వచ్చింది. అక్కడి పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ కింద అమ్మ నిలబడి ఉంది, పక్కన వీల్‌చెయిర్‌లో నాన్న. వెంటనే వాయిస్ మెసేజ్: "ఏడు గంటలు పండుకున్న రా. బస్సు మొత్తానికి గిన్ని స్విచ్చులు లేకుండె, ఒక్క సీటుకు ఉన్నయి. మీ అమ్మ తలుపు మాత్రం ఎయ్యనియ్యలే." వెనక నుంచి అమ్మ గొంతు: "పులిహోర ఆ పిల్లకి కూడా పెట్టిన, మంచిగ తిన్నది."

హైదరాబాద్‌కి గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో దిగుతాయి. ఊరు వెళ్లే కారుని దానికి తగ్గట్టు మాట్లాడుకోవాలి. మా వాళ్లు శంషాబాద్ నుంచి విజయవాడ హైవే పట్టుకుని ఎండెక్కకముందే సూర్యాపేట చేరారు. డ్రైవర్ కునికిపాట్లు పడతాడేమోనని నాన్న దారంతా ముందు సీట్లో కూర్చుని అతనితో ముచ్చట పెడుతూనే ఉన్నారట. ఆ పూట కాసేపు నడుం వాల్చి, సాయంత్రానికల్లా పెద్దనాన్న ఇంటికి పెళ్లి పందిరి చూడ్డానికి వెళ్లారు.

మరుసటి రోజు ఫోన్ చేశారు. నడుము సంగతి అడిగితే, అది వదిలేసి అడిగారు: "కోడలు మీ అమ్మకి చెప్పిందంట. మీరు జపాన్ ఎప్పుడు పోతరు మరి?"

మళ్లీ మొదటి నుంచి పోగేస్తున్నాం, ఇంకో మూడేళ్లు పడుతుందని చెప్పాను.

"కూరగాయలు కూడా ఆ కార్డు మీదనే కొనుండ్రి" అన్నారు.